రెండు కేబుళ్ల పరీక్ష

కేబుల్ బిగుసుకుందా, చేతిలో బలం తగ్గిందా? తేలాల్సింది ఇదొక్కటే. సాయంత్రం నాలుగింటికి మోటారు సైకిల్ కొనేవాడు వస్తాడు. ఆలోగానే తేలాలి.

వారం కిందట కూడలిలో మాస్టారు నొక్కిన క్లచ్ లివర్ సగం దాకా వచ్చి మొరాయించింది. బండి కుప్పిగంతు వేసి ఆగింది. కూరగాయల సంచి రోడ్డు పాలైంది. ఆ వార్త ఆయన కంటే ముందే ఇల్లు చేరింది.

"డెబ్బై ఏళ్లొచ్చాయి నాన్నా. తప్పు మీ చేతిది, బండిది కాదు. అమ్మేద్దాం," అన్నాడు కొడుకు.

"నిరూపించు," అన్నారు మాస్టారు. ముప్పై ఆరేళ్లు భౌతికశాస్త్రం చెప్పిన గొంతు అది.

"తప్పు కేబుల్‌దని మీరే నిరూపించండి."

ఆయనకు కావలసిందీ అదే.

ఇంట్లో క్లచ్ కేబుళ్లు రెండున్నాయి. ఒకేసారి కొని, ఏడాది ఇదీ, ఏడాది అదీ మార్చి మార్చి వాడినవి. తుప్పులోనూ మురికిలోనూ రెండూ కవలపిల్లలే. మాస్టారు అందులో ఒకదాన్ని కిటికీ ఊచకు నిలువుగా వేలాడదీశారు. పాల ప్యాకెట్ మూల కత్తిరించి, పై కొసకు గరాటులా తొడిగి, రబ్బరు బ్యాండు బిగించారు. మొదట కిరోసిన్ పోశారు. కింద పెట్టిన గిన్నెలోకి నల్లటి మడ్డి దిగింది. తేటగా కారేదాకా ఆగి, అప్పుడు నూనె పోశారు. లోపలి తీగను పైకీ కిందికీ ఆడిస్తూ మూడు గంటలు కాపు కాశారు. కింది కొసన నూనె బొట్టు కట్టగానే, తన విద్యార్థికి మొదటి ర్యాంకు వచ్చినంత సంబరపడ్డారు.

రెండో కేబుల్ జోలికి పోలేదు. అది పొడిగానే ఉండాలి.

"ఆ గిన్నె నాది," అంది భార్య గుమ్మంలోంచి.

"ఇప్పుడది సైన్సుది."

"అయితే ఆ సైన్సునే వచ్చి తోమమనండి."

ఆమెకు ఆ బండి అంటే మొదటి నుంచీ పడదు. "ఈ ఇనప సవతిని ఎప్పుడు సాగనంపుతారు?" అని ఇరవై ఏళ్లుగా అడుగుతూనే ఉంది. కొనేవాడి ఫోన్ నంబరు సంపాదించి కొడుక్కి ఇచ్చింది కూడా ఆమే.

మాస్టారు పరీక్ష నియమాలు కాగితం మీద రాసి, పైకి చదివారు. తన కళ్లకు తువ్వాలు. వాసన పసిగట్టకుండా ముక్కుకు బట్టల క్లిప్పు. నాణెం ఎగరేసి, బొమ్మ పడితే నూనె కేబుల్, బొరుసు పడితే పొడి కేబుల్ తగిలించాలి. ఏది తగిలించిందీ మొదటి వరుసలో ముందే రాసి పెట్టాలి. ఆయన లివర్ నొక్కి చెప్పే జవాబు రెండో వరుసలో రాయాలి. ఇలా ఆరుసార్లు.

"గాలివాటంగా చెబితే ఆరూ సరిపోవడం అరవై నాలుగింట ఒక్కసారే జరుగుతుంది. ఆరూ సరిపోతే నా చెయ్యి భేషుగ్గా ఉన్నట్టు, తప్పు కేబుల్‌దైనట్టు. ఒక్కటి తప్పినా బండి అమ్ముకో, నోరెత్తను."

"మరి మార్చేది నేనా?"

"నువ్వొద్దు. నువ్వు ఊపిరి పీల్చినా జవాబు నాకు తెలిసిపోతుంది. లోపల తలుపేసుకుని కూర్చో. మీ అమ్మే మార్చి, కాగితం మీద రాస్తుంది."

కొడుకు పకపకా నవ్వాడు. "అమ్మా? బండికి బద్ధశత్రువు కదా!"

"అందుకే. పక్షపాతమంటూ ఉంటే నాకు వ్యతిరేకంగానే ఉంటుంది. ఇంతకంటే గట్టి హామీ ఏ ప్రయోగానికి దొరుకుతుంది?"

కుట్టుమిషన్‌ను ఏళ్ల తరబడి తానే విప్పి బిగించుకునే మనిషికి రెండు కొసలు తగిలించడం ఎంత పని? మాస్టారు ఒక్కసారి చూపించారు. ఆమె పెదవి విరిచింది.

"ఇంతేనా? దీనికా పొద్దుటి నుంచీ ఇల్లు పీకి పందిరేశారు?"

నాణెం గచ్చు మీద ఖంగుమంది. పానా తిరిగింది. కేబుల్ గరగరలాడింది. సిద్ధమన్నట్టు ఆమె ట్యాంకు మీద టకటకా కొట్టింది.

మాస్టారు లివర్ నొక్కారు. "పొడి," అన్నారు క్లిప్పు పెట్టిన ముక్కుతో. "ఇసుకలో ఈడ్చినట్టుంది."

రెండోసారి ముఖం విప్పారింది. "నూనె. వెన్నపూసే!"

మూడోసారీ నూనె అనే చెప్పారు.

నాలుగోసారి నుదుట చెమట పట్టింది. ఒక్కటి తప్పితే రేపటి నుంచి బస్సుల కోసం కాళ్లు పీకేలా నిలబడాలి. లివర్ నొక్కారు, వదిలారు, మళ్లీ నొక్కారు.

"తెమల్చండి, నాకు బోలెడు పనుంది."

"పొడి. అబ్బా, మణికట్టు లాగేసింది!"

ఐదోసారి పొడి. ఆరోసారి నూనె.

ఆయన తువ్వాలు విప్పేసరికి కొడుకు బయటికొచ్చి కాగితం పట్టుకుని నిలబడి ఉన్నాడు. రెండు వరుసల మీదా వేలు పెట్టి రెండుసార్లు పోల్చాడు. ఆరుకు ఆరూ సరిపోయాయి. తర్వాత ఫోన్ తీసి, బండి అమ్మడం లేదని కొనేవాడికి చెప్పేశాడు.

"చూశావా?" అన్నారు మాస్టారు, క్లిప్పు తీయడం కూడా మరిచి. "అభిప్రాయాలు ఎవరికైనా ఉంటాయి. సాక్ష్యం కావాలి. కిటుకంతా మీ అమ్మను ఎంచుకోవడంలోనే ఉందిరా!"

"నా ఖర్మ. ఇంకెన్నాళ్లు భరించాలో దీన్ని!" అని విసుక్కుంటూ ఆమె లోపలికి వెళ్లిపోయింది.

పొడి కేబుల్‌ను ఆమె ఒక్కసారైనా ముట్టుకోలేదు. ఆరుసార్లూ నూనె కేబుల్‌నే విప్పి మళ్లీ తగిలించి, ఆయన జవాబు విన్నాకే రెండు వరుసలూ నింపింది.