జున్ను గుండె

"గుండె బాగోని పిల్లి నాకెందుకండి? ఇవాళే మార్చేసుకుంటాను" అన్నాడు క్రాంతికుమార్.

"కంగారు పడకండి. ఇంకోసారి విననివ్వండి" అన్నారు పశువుల డాక్టరుగారు.

టీకా వేయిద్దామని భార్య కరుణతో కలిసి అమలాపురం తీసుకొచ్చాడు దాన్ని. మూడు నెలల జున్ను బల్ల మీద కూర్చుని, తన గురించి కాదన్నట్టు ఒకటే గుర్రుమంటోంది.

"అమ్మా, ఆ కుళాయి తిప్పండి. ఈ గుర్రు ఆపితే గానీ గుండె వినపడదు."

కరుణ కుళాయి తిప్పింది. నీళ్ల చప్పుడికి జున్ను చెవులు నిక్కించి గుర్రు మానేసింది. డాక్టరుగారు కళ్లు మూసుకుని చాలాసేపు విన్నారు.

"గుండె కొట్టుకునేటప్పుడు మధ్యలో ఇంకో చప్పుడొస్తోంది. పుట్టుకతోనే చిన్న చిల్లుండొచ్చు. స్కానింగు తీస్తే గానీ ఖాయంగా చెప్పలేం. ఆయాసపడుతోందా? తింటోందా?"

"ఈయన పళ్లెంలో చేపముక్క కూడా ఇదే తినేస్తోందండి. పొద్దున్న కర్టెన్ పట్టుకుని పైదాకా ఎక్కేసింది."

"అయితే మంచిదే. చిల్లు చిన్నదైతే హాయిగా బతికేస్తాయి. ఇది నిద్రపోయేటప్పుడు ఊపిర్లు లెక్కపెడుతూండండి. నిమిషానికి ముప్పై దాటితే వెంటనే తీసుకురండి. స్కానింగు ఎక్కడ తీస్తారో రాసిస్తాను."

"ఆయ్" అంది కరుణ.

బయటికి రాగానే క్రాంతికుమార్ ఫోను తీశాడు. జున్నుని ఇచ్చింది రాజోలు రత్నంగారు.

"ఆవిడ దగ్గర దీని తోడబుట్టినవి ఇంకా రెండున్నాయి. దీన్నిచ్చి ఒకటి తెచ్చుకుందాం. మన కొబ్బరి కొట్టులో ఎలుకలు దీని కన్నా బలంగా ఉన్నాయి కరుణా."

"వాళ్లు దీని ఊపిర్లు లెక్కపెడతారా అండీ?"

"అది వాళ్లిష్టం."

"నేను లెక్కపెడతాను. మీకేం పని చెప్పను."

"అది కాదు. కుండ కొన్నా వాయించి చూసి కొంటాం. లోపం ఉందని తెలిసి తెలిసి ఎవరైనా ఇంటికి తెచ్చుకుంటారా?"

రాజోలు బస్సు వచ్చి ఆగింది. క్రాంతికుమార్ రెండడుగులు వేసి వెనక్కి చూశాడు. కరుణ కదల్లేదు. జున్నుని పమిటలో పొదువుకుని నవ్వుతోంది.

"ఎందుకా నవ్వు?"

"చిన్నప్పుడు మీ గుండెలోనూ చిల్లుండేదని, మూడేళ్లకి దానంతటదే మూసుకుపోయిందని, మీరు బెంగపడతారని మీకు మాత్రం చెప్పలేదని పెళ్లిమాటల రోజే అత్తయ్యగారు మాకు చెప్పేరండి; మేం మిమ్మల్ని మార్చి ఇమ్మన్నామా?"