పైనున్న పేరు

"అలమెట్టా? ఆ పేరు పెట్టకు సేటూ. అది మా ఊరు కాదు." సోమి స్టూలు మీంచి లేచి నిలబడింది.

కోంటా బస్టాండు ఎదురుగా ఉన్న ఆన్‌లైన్ సెంటర్ హరిప్రసాద్‌ది. అత్త పింఛను అర్జీ నింపించుకుందామని ఎర్రబోరు ఊరికి అవతల, రోడ్డు పక్కన గూడెంలా వెలసిన చిన్న పారా నుంచి వచ్చింది సోమి.

"మీ పారా లిస్టుల లేదక్కా. ఫారంల ఊరి పేరు డబ్బాల మన ఇష్టమొచ్చినట్టు రాయనియ్యదు. ఉన్న ఊళ్లల్లనే ఒకటి నొక్కాలె" అన్నాడు హరిప్రసాద్. "పైనున్నది నొక్కితే పని అయిపోతది."

"అలమెట్టల మనిషనేటోడు లేడు. ఊరు కాలినంక అటు ఎవలూ పోలే. దారి పొడుగునా బాంబులు పాతిన్రంటరు. తప్పిపోయిన ఎద్దును ఎతుక్కుంట పోయిన మా పారా సుక్రాంకు కాలే పాయె."

"నిన్ను ఆడికి పొమ్మన్ననా ఏంది? పేరే గదా."

ఆ ఊళ్ల లిస్టు ఎవరో ఎప్పుడో ఒకసారి ఎక్కించి వదిలేసినది. కొత్తగా పుట్టిన పారాలు అందులోకి రావు, పాడుబడ్డ ఊళ్లు అందులోంచి పోవు. పక్క వీధిలో సెంటర్ నడిపే ఇంద్రాణి అయితే, ఆఫీసుకు పోయి ముందు మీ పారా పేరు ఎక్కించుకుని రమ్మని తిప్పి పంపేది. హరిప్రసాద్‌కు అంత ఓపిక ఎక్కడిది? లిస్టులో పేరు లేని ప్రతి పారావాణ్ణీ తీసుకెళ్లి అలమెట్టలో కాపురం పెట్టించాడు.

సోమి అత్తను కూడా అక్కడే చేర్చి అతను సబ్మిట్ నొక్కాడో లేదో, గుమ్మం ముందు జీపు ఆగింది.

తుపాకులున్న జవాన్లు ఇద్దరు దిగి తలుపుకు అటూ ఇటూ నిలబడ్డారు. వాళ్ల వెనక బ్లాకు ఆఫీసరు రాజ్‌కుమార్ లోపలికి వచ్చాడు. భోపాల్‌పట్నం వైపు తెలుగువాడు కాబట్టి హిందీలో కాక తెలుగులోనే అడిగాడు.

"హరిప్రసాద్ అంటే నువ్వేనా? అలమెట్ట పేరు మీద కుప్పలు కుప్పలు అర్జీలు వచ్చినయి. అన్నీ నీ ఐడీ నుంచే. ఆ ఊరు ఖాళీ అని మా రికార్డు. మరి ఈ జనం ఎవరు?"

హరిప్రసాద్ లేచి నిలబడ్డాడు. నిజం చెబితే ఐడీ పోతుంది, సెంటర్ మూతపడుతుంది. అంతటితో ఆగితే అదృష్టమే. లేని మనుషుల పేర అర్జీలు ఎవరికోసం పుట్టిస్తున్నావని అడుగుతారు. అడవిలో ఉన్న అన్నల కోసమా అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి జీపెక్కినవాడు ఇంటికి ఎప్పుడొస్తాడో ఈ ప్రాంతంలో ఎవరూ చెప్పలేరు.

జవాను చేతిలో తుపాకీ కాస్త కదిలింది. హరిప్రసాద్ చేతులు కట్టుకున్నాడు.

"ఉన్నరు సార్. జనం తిరిగొచ్చిన్రు."

"నువ్వు చూసినవా?"

సోమి నోరు తెరవబోయింది. హరిప్రసాద్ ఆమె వైపు చూసి కళ్లతోనే బతిమాలుకున్నాడు. పాపమనిపించిందేమో, ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల తిప్పుకుంది.

"చూసిన సార్. రెండు మూడుసార్లు పోయొచ్చిన."

"దారి తెలుసా మరి?"

"తెల్వకేం సార్." ఒకసారి బొంకినవాడికి రెండోది బరువు కాదు.

రాజ్‌కుమార్ ముఖం విప్పారింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఆ ముక్క ముందే చెప్పొద్దా? జనం లేరంటే నిన్ను ఠాణాకు తీస్కపోదామనే వచ్చిన. ఉంటే మంచిదే. బోరు ఎయ్యాలె, బడి పెట్టాలె. రేపు పొద్దున్నే సర్వే టీం బయలుదేరుతది."

హరిప్రసాద్‌కు పోయిన ప్రాణం లేచి వచ్చింది. చెమట తుడుచుకుని, ఎదురు హోటల్ వైపు చూసి చాయ్ పంపమని సైగ చేశాడు.

రాజ్‌కుమార్ సెల్ తీసి ఏదో ఫారం తెరిచాడు. "ఒక్క డబ్బా నింపితే అయిపోయె. దారి చూపే మనిషి పేరు. ఆయన ముందు నడుస్తడు, టీం ఎనక."

సోమి గోడవారకు జరిగింది. గండం గడిచిన సంబరంలో హరిప్రసాద్ అది గమనించలేదు.

"దానిదేముంది సార్? లిస్టు ఉంటది గదా. పైనున్న పేరు నొక్కున్రి, పని అయిపోతది."

"ఇది నీ ఊళ్ల లిస్టు లెక్క ఎప్పటిదో కాదు. ఊరు పేరు కొట్టంగనే ఆ ఊరి పని చేసిన ఐడీ ఉన్నోళ్లను అప్పటికప్పుడు అదే ఏరుకొస్తది" అంటూ రాజ్‌కుమార్ వేలితో నొక్కాడు. నొక్కి, సెల్ హరిప్రసాద్ వైపు తిప్పాడు.

లిస్టులో పైనా కిందా ఉన్నది ఒకే ఒక్క పేరు, పక్కన హరిప్రసాద్ ఫోటో.