మెట్ల మీది మ్యాచ్‌లు

“దత్తా, లే! ముందు బయటికి నడు!”

భాస్కర్ తావడే అరుపుకి వరస గదుల గిర్గావ్ చాల్ మూడో అంతస్తు గోడల సున్నం రాలింది. ప్రపంచకప్ ఫైనల్లో మన బ్యాటింగ్ మొదలై రెండంటే రెండు బంతులయ్యాయి. ఆ రెండో బంతికే సెహ్వాగ్ వెళ్లిపోయాడు. తావడే గదిలో ఉన్నవాళ్లంతా టీవీని వదిలేసి దత్తారాం పాలవ్ వైపు తిరిగారు.

“అక్కడ అంపైర్ ఒక్కడే వేలెత్తాడు, ఇక్కడ అందరూ ఎత్తారు,” అంటూ దత్తారాం నవ్వుతూ లేచాడు. “పెళ్లిలో అయినా బంతిలో కూర్చోబెడతారు గానీ, మీరు బంతి కూడా చూడనివ్వరేంట్రా!”

“నీ జోకులు మెట్ల మీద పేల్చుకో!”

“భాస్కర్ దాదా!” దత్తారాం భార్య కుముద్ అడ్డొచ్చింది. “ఒక్కసారి కూర్చోనివ్వమని పొద్దుట్నుంచీ బతిమాలుతున్నాను. ఎనభై మూడు నుంచి ఈయన ఒక్క పెద్ద గెలుపూ కళ్లారా చూడలేదు. ఫైనల్ మన ఊళ్లోనే జరుగుతోంది, ఇవాళైనా చూడనీ!”

“కూర్చోనిచ్చాంగా? ఫలితం చూశావుగా? నీ మొగుడు కావాలా, కప్పు కావాలా?”

గదిలో అందరూ “కప్పు!” అన్నారు. దత్తారాం అందరికంటే గట్టిగా అన్నాడు.

తావడే గది చట్టం అలాంటిది. ఫోరు వెళ్లినప్పుడు ఎవరెలా కూర్చున్నారో అలాగే ఉండిపోవాలి. కాలు తిమ్మిరెక్కినా కదలకూడదు. ఒకసారి ఒకాయన బటాటా వడా సగం కొరికి, మిగతా సగం చేత్తో పట్టుకుని పదిహేను ఓవర్లు కూర్చున్నాడు. ఇక అడుగు పెట్టగానే వికెట్ పడిందంటే ఆ మనిషి ఔట్. ఔటైన ఆటగాడు మెట్లెక్కి పెవిలియన్‌కి పోతాడు, దత్తారాం మెట్ల మీదికే పోతాడు.

దత్తారాంది చెడ్డ పాదమన్న ముద్ర పడింది ఎనభై మూడు ఫైనల్ నాడు. చాల్‌లో చిన్నపిల్లలకి కూడా తెలిసిన చరిత్ర అది. అప్పటికి కుముద్ ఎదురింటి అమ్మాయి, పెళ్లీడుకొచ్చిన పిల్ల. అటుకుల పోహే పళ్లెం పట్టుకుని గడప దాటిందో లేదో, గవాస్కర్ ఔట్. “ఏం పాదమే నీది!” అని తావడే తల్లి అరిచింది. కుముద్ పళ్లెంతో గడపలోనే ఆగిపోయింది. అప్పుడు ఆమె వెనకనుంచి దత్తారాం చెయ్యెత్తి, “తనది కాదు మావషీ, నాది. నేనూ ఇప్పుడే అడుగు పెట్టాను!” అన్నాడు. వెంటనే బయటికి తరిమారు. మనం గెలిచాం. ఇంకేముంది, ముద్ర ఖాయం.

పాపం అనిపించి కుముద్ ఆ సాయంత్రం గుమ్మంలో నిలబడి అతనికి ఆట చెప్పింది. “బంతి లేచింది... కపిల్ వెనక్కి పరుగెడుతున్నాడు... ఇంకా పరుగెడుతున్నాడు... పట్టాడు!” మర్నాటి నుంచి దత్తారాం ఆమె వెనక పరుగెత్తాడు. ఏడాది తిరక్కుండా క్యాచ్ అతని చేతికే చిక్కింది.

పెళ్లయ్యాకా గుమ్మంలోంచి ఆట చెప్పడం ఆగలేదు. షార్జా ఇసుక తుఫాను ఆట చెప్పేటప్పుడు ఆమె దుమ్ము తనకే కొట్టినట్టు కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. లార్డ్స్‌లో ఇద్దరు కుర్రాళ్లు ఓడిపోతున్న ఆటని గెలుపు దాకా లాక్కొస్తుంటే గుమ్మం చెక్కని గోళ్లతో గీకేసింది. ఆ గీతలు ఇంకా అలాగే ఉన్నాయి. దత్తారాం ఒక్కటీ చూడలేదు, ఒక్కటీ మరవలేదు. ఏ బంతికి ఎవరు ఏ కాలు ముందుకేసి కొట్టారో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.

ఇవాళా అంతే. కాసేపటికి సచిన్ కూడా ఔటయ్యాడు. చాల్ మొత్తానికి ఊపిరాగింది.

“మళ్లీ నేనేం చేశాన్రా? బయటే ఉన్నాగా!” అన్నాడు దత్తారాం.

“నీ నీడ గడప మీద పడుతోంది! ఇంకో నాలుగు మెట్లు దిగు!”

దిగాడు. గంభీర్ నిలబడ్డాడు. “మెట్టు దిగడు మొండివాడు అంటారు నన్ను. చూడు, దిగితే పరుగులు ఎక్కుతున్నాయి!” అని దత్తారాం కిందనుంచి కేకేశాడు.

చివరికి నాలుగు పరుగులే మిగిలాయి. కుముద్ పరుగున దిగి అతని చెయ్యి పట్టుకుంది.

“పదండి లోపలికి. ఎవడేమన్నా నేను చూసుకుంటా. ఈ ఒక్కటి చూడకపోతే ఇంకెప్పుడు చూస్తారు?”

“నువ్వెళ్లి గుమ్మంలో నిలబడు కుమూ. నాకు ఇక్కణ్ణుంచే బాగా కనిపిస్తుంది.”

“ఇక్కణ్ణుంచి టీవీ ఎక్కడ కనిపిస్తుంది?”

“నువ్వు కనిపిస్తావుగా!”

ఆమె విసుక్కుంటూ వెళ్లి నిలబడింది. మరుక్షణం ఆమె కళ్లు పైకి లేచాయి, లేస్తూనే ఉన్నాయి. ధోనీ కొట్టిన బంతి ఎంత ఎత్తు వెళ్లిందో దత్తారాంకి ఆ కళ్లలో కనిపించింది. లోపలనుంచి ఒక కేక, వాంఖడే స్టేడియం వైపునుంచి ఒక హోరు. చాల్ అంతా మెట్ల మీదికి విరుచుకుపడింది. తావడే ఏడుస్తూ దత్తారాంని వాటేసుకుని, “నీ పాదం చల్లగుండరా! గడప బయట!” అన్నాడు.

గోల కాస్త తగ్గాక కుముద్ వచ్చి పక్కన కూర్చుని అతని నోట్లో దూద్‌పేడా పెట్టింది.

“ఇన్నేళ్లుగా వీళ్లంతా మీ పాదాన్ని ఆడిపోసుకుంటున్నా నేను ఒక్కసారీ అడగలేదు. ఆ రోజు నా వెనకాలే లోపలికొచ్చారు కదా, ముందు ఏ కాలు పెట్టారు? కుడికాలా, ఎడమకాలా?”

దత్తారాం మిఠాయి నములుతూ ఆలోచించాడు. “కుడి... కాదు, ఎడమ. ఏమో, గుర్తులేదు.”

“మీకా గుర్తులేనిది!” ఆమె పకపకా నవ్వింది.

నిజానికి ఆ రోజు గవాస్కర్ ఔటైనప్పుడు అతనింకా రెండో అంతస్తు మెట్లెక్కుతున్నాడు.