దీనమ్మ టీచర్ జవాబు

"పాస్‌వర్డ్ ఏంది టీచరమ్మా?" జాన్సన్ మళ్లీ అడిగాడు.

"యాది లేదు," దీనమ్మ మళ్లీ చెప్పింది.

చర్చి ఆఫీసులో ఆ పాత కంప్యూటర్ చుట్టూ నలుగురున్నారు. జాన్సన్ సంఘానికి కొత్త సెక్రటరీ. పక్కన అతను మడికొండ నుంచి బండి మీద ఎక్కించుకొచ్చిన సాఫ్ట్‌వేర్ స్నేహితుడు హరీష్. కుర్చీలో పాస్టరు దేవదానం. ఇక దీనమ్మ, లెక్కల టీచరుగా రిటైరైన మనిషి. మూలనపడ్డ ఈ డబ్బాలోకి లైనక్స్ ఎక్కించి దాన్ని మళ్లీ బతికించింది ఆవిడే. చేతులు కట్టుకుని, జాన్సన్ కళ్లలోకి సూటిగా చూస్తూ నిలబడింది.

జాన్సన్‌కు కావలసింది అందులో ఉన్న పాటలు. ఎనుమాముల మార్కెట్లో మిరపకాయలకు తొడిమెలు తీసే ఆడవాళ్లు, ఆ ఘాటుకు దగ్గుకుంటూనే కట్టుకున్న పాటలవి. దీనమ్మ యార్డుకు పోయి, వాళ్ల మధ్య కూర్చుని, విని, ఒక్కొక్కటే టైపు చేసింది. ప్రతి పాట కిందా అది కట్టినామె పేరు పెట్టింది; ఎక్కువ పాటలు చిలుకమ్మవి. ఇంకెక్కడా కాపీ లేదు. జాన్సన్ ఆ పేర్లన్నీ పీకేసి, అట్ట మీద తన పేరు వేయించుకుందామనుకున్నాడు. ఆదివారం పుస్తకం వస్తుందని అందరికీ చాటింపు కూడా వేసేశాడు. ఒక్క ముక్క రాయకుండా రచయిత అయిపోవాలనుకునే వాళ్లకు తొందర ఎక్కువ.

"కూలికి పోయేటోళ్ల పేర్లు పుస్తకంల ఎందుకు? ఎవలు చదువుతరు?" అన్నాడు.

"చిలుకమ్మ మనుమరాలు చదువుతది. చదివి చిలుకమ్మకు ఇనిపిస్తది. ఆమె కట్టిన పాట కింద ఆమె పేరే ఉంటది. పేర్లు తీసేస్తనంటె నేను తెరవనియ్య," అంది దీనమ్మ.

హరీష్ క్యాప్స్ లాక్ చూశాడు. కీబోర్డు తీగ పీకి మళ్లీ పెట్టాడు.

"ఒక్కోసారి కీబోర్డు భాష తెలుగులకు మారుతది మేడమ్. అప్పుడు మనం సరిగ్గ కొట్టినా అది తప్పే అంటది. మీకు గట్లేమన్న అయ్యిందా?"

"లేదు బిడ్డా. ఇంగ్లీషుల్నే ఉన్నది."

హరీష్ చర్చి పేరు కొట్టాడు. దీనమ్మ పేరు కొట్టాడు. ఆవిడ పుట్టిన తేదీ అడిగి అదీ కొట్టాడు. దేనికీ అది లొంగలేదు.

"మామూలుగ అయితె రికవరీ మోడ్‌లకు పోయి కొత్త పాస్‌వర్డ్ పెట్టొచ్చు," అంటూ ఆపి మళ్లీ ఆన్ చేశాడు. అక్కడ కూడా అదే ప్రశ్న ఎదురైంది. హరీష్ తల గోక్కున్నాడు. "డిస్కు మొత్తానికే తాళమేసిండ్రు. లైనక్స్ ఎక్కించేటప్పుడే వేసినట్టున్నరు."

"వేసిన. ఎవలు పడితె వాళ్లు చెయ్యి పెట్టకుండ వేసిన," అంది దీనమ్మ.

"గట్లయితె ఫార్మాట్ కొట్టుడే. లోపలున్నయన్ని పోతయి మరి."

దీనమ్మ గుండె ఒక్కసారి జారింది. మాట మాత్రం జారలేదు.

"కొట్టు. చిలుకమ్మ ఉన్నది, నేనున్న. మళ్ల యార్డుకు పోయి కూసుంట."

జాన్సన్‌కు ఒళ్లు మండింది. "చూసిండ్రా అయ్యగారూ? పాస్‌వర్డ్ యాది లేని మనిషి చేతిల ఆఫీసు పెట్టినం. వయసు మీద పడ్డది, ఇగ ఇంట్ల కూసోమనుండ్రి."

"నా వయసు జోలికి రాకు జాన్సన్. అడిగినవు, చెప్పిన. వందసార్లు అడుగు, గదే చెప్త."

దేవదానం గొంతు సవరించుకున్నాడు. "దీనమ్మా, నువ్వు అబద్ధమాడవని సంఘమంతటికి ఎరుకే. నాకన్న చెప్పమ్మా. ఏంది ఆ పాస్‌వర్డ్?"

"మీ ముందర అబద్ధమెందుకాడుత అయ్యగారూ? యాది లేదు."

పాస్టరు నిట్టూర్చాడు. జాన్సన్ పళ్లికిలించాడు. అది చూసి దీనమ్మకు పట్టుదల ఇంకా పెరిగింది.

"అయ్యగారూ, ఒక్క మాట. ఇది తెరుసుకుంటె ఆ ఆడోళ్ల పేర్లు ఉంటయా, పోతయా? మీ ముందర ఈనతోని చెప్పియ్యండ్రి."

"తెరుసుకునేదుంటె కద," జాన్సన్ నవ్వాడు. ఎలాగూ పోయే పాటలకు ఎంత మాటైనా ఇవ్వొచ్చు, పుస్తకం రాని తప్పు టీచరమ్మ మీదే పడుతుంది. "సరే, రాసుకోండ్రి. అందరి పేర్లు ఉంటయి. అట్ట మీద నా పేరు కూడ వద్దు. ఇగ ఖుషేనా?"

"నేను సాక్షిని," అన్నాడు దేవదానం.

"మంచిది," జాన్సన్ హరీష్ వైపు తిరిగాడు. "ఇగ ఫార్మాట్ కొట్టు. ఏం జేస్తం, టీచరమ్మకు పాస్‌వర్డేమో యాది లేదు."

దీనమ్మ కట్టుకున్న చేతులు విప్పింది. కీబోర్డును హరీష్ ముందుకు జరిపింది.

"ఫార్మాట్ ఎందుకు బిడ్డా? ఈన ఆఖరుకు అన్న రెండు మాటలే కొట్టు, 'యాది లేదు.' ఇంగ్లీషు అక్షరాలల్ల, నడుమ ఖాళీ లేకుండ. పొద్దటిసంది నేను గదే చెప్తాన్న."