అమ్మ వచ్చింది

చద్దన్నం ముందు పెట్టి తంగమ్మ మళ్లీ అదే మాట ఎత్తింది.

"ఈ ఆదివారమైనా నాతో ప్రార్థనకు రా, చిన్నా. ఒక్కసారి వచ్చి కూర్చో. మనసు కుదుటపడతాది."

చిన్నస్వామి కంచం పక్కకు నెట్టాడు.

"కుదుటపడేదానికి ఈడ ఏముందమ్మా? నాయన పోయినాడు. రేవులో రోజూ కొట్లాట. మద్రాసు మాదంటే మాదని తెలుగోళ్లూ అరవోళ్లూ కొట్టుకుంటా ఉండారు. నీ దేవుడికి ఇవన్నీ కనపడవా?"

"కనపడతాయి నాయనా."

"మరి ఏం చేస్తా ఉండాడు?"

తంగమ్మ కంచం మళ్లీ ముందుకు జరిపింది. అతను తినకుండానే చొక్కా తగిలించుకుని రేవుకు వెళ్లిపోయాడు.

భర్త పోయిన ఏడాది ఆమె కూడా అదే ప్రశ్న అడిగింది. తొండియార్‌పేటలో వాళ్ల సందు చివర చిన్న ప్రార్థన మందిరం ఉంది. ఒక సాయంత్రం వాన పడుతుంటే దాని వరండాలో నిలబడింది. లోపల ఎవరో ఆడమనిషి ఏడుస్తూ పాడుతోంది. ఏడుస్తూ కూడా పాడవచ్చని తంగమ్మకు అంతవరకు తెలియదు. వాన వెలిసినా ఆమె ఇంటికి పోలేదు.

బాప్తిస్మం తీసుకున్నాక చుట్టాలు గడప తొక్కడం మానేశారు. కానీ చాలాకాలం తర్వాత ఆమెకు నిద్ర పట్టింది. ఆ నిద్ర కొడుక్కి కూడా పట్టాలని ఆమె ఆశ.

మధ్యాహ్నం పొరుగింటి మాదయ్య రొప్పుతూ వచ్చాడు.

"అక్కా, రేవులో క్రేను తాడు తెగింది. సరుకంతా మనుషుల మీద పడిపోయింది. మన చిన్నస్వామిని ఆస్పత్రికి తీసుకుపోయినారంట."

"ప్రాణానికేం..."

"నాకేమీ తెలియదక్కా. నువ్వు రా."

ట్రాము కోసం ఆగకుండా జట్కా ఎక్కించాడు. దారి పొడవునా తంగమ్మ పెదవులు కదులుతూనే ఉన్నాయి.

ఆస్పత్రి వరండా నిండా రేవు కూలీల ఇళ్లవాళ్లు. మాదయ్యను గుమ్మం దగ్గరే ఆపేశారు. డాక్టరు తంగమ్మను కొడుకు పేరు అడిగాడు. తర్వాత గొంతు తగ్గించి రెండు ముక్కలు చెప్పాడు. ఆమె గోడ పట్టుకుంది. ఏడుపు రాలేదు.

"నాతో రండమ్మా," అంది నర్సు మృణాళిని.

వార్డు మధ్యలో మంచాల నడుమ నర్సు ముందు, తంగమ్మ వెనక నడిచారు.

"అమ్మా!"

పక్క మంచం మీద తలకూ కళ్లకూ కట్లు. దుప్పటి మీద ఇంకా ఆరని రక్తం. ఒక చెయ్యి గాలిలో తడుముతోంది.

"అమ్మా, వచ్చినావా?"

తంగమ్మ ఆగిపోయింది. నర్సు వెనక్కి తిరిగి ఏదో చెప్పబోయింది. తంగమ్మ వద్దన్నట్టు తల ఊపి, మంచం పక్కన మోకాళ్ల మీద కూలబడి ఆ చెయ్యి అందుకుంది.

"వచ్చినా నాయనా. ఈడే ఉండా."

"రావేమో అనుకున్నా."

"నువ్వు పిలిస్తే రాకుండా ఉంటానా?"

"నీ మాట వినకుండా వచ్చేసినా. కోపమా అమ్మా?"

"అమ్మకు కోపమేముంటాది?"

అతని ఊపిరి గొంతులో కొట్టుకుంటోంది. చెయ్యి చల్లబడుతోంది.

"అంతా చీకటిగా ఉండాది. భయమేస్తా ఉండాది. ఒకసారి పేరు పెట్టి పిలువమ్మా. చిన్నప్పుడు పిలిచేదానివే, అట్లా."

తంగమ్మ ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. నర్సు మొహం పక్కకు తిప్పుకుంది. తంగమ్మ అతని చెవి దగ్గరికి వంగి పిలిచింది.

"చిన్నా..."

కట్ల కింద ఎండిపోయిన పెదవులు నవ్వాయి.

"నాకోసం దేవుడికి చెప్పుకోమ్మా. నాకు చెప్పుకోను రాదు."

ఏం చేస్తా ఉండాడు నీ దేవుడు? పొద్దుటి ప్రశ్న చెవుల్లో గింగురుమంది. ఆ నిమిషంలో ఆమెకూ దేవుణ్ణి నిలదీయాలనే ఉంది. అయినా కళ్లు మూసుకుంది.

"ప్రభువా, ఈ బిడ్డ చెయ్యి నా చేతిలో ఉండాది. నా చెయ్యి నీ చేతిలో ఉండాది. నేను విడిచినా నువ్వు విడవొద్దు. ఈ బిడ్డ ఒక్కడే పోలేడయ్యా. తోడు రా."

ఆ వేళ్లు ఆమె వేళ్లను చుట్టుకున్నాయి.

"ఇప్పుడు భయం లేదమ్మా. నువ్వు మాత్రం పోవద్దు."

"పోను. నువ్వు పండుకో."

పసివాణ్ణి నిద్రపుచ్చినట్టు రొమ్ము మీద చేత్తో తడుతూ కూర్చుంది. ఎప్పుడో తెలియదు గానీ ఆమె గుండెలోకి కూడా ఒక నిమ్మళం దిగింది. దుఃఖం పోలేదు. దుఃఖం కింద ఎవరో చెయ్యి పెట్టి మోస్తున్నట్టుంది.

ఊపిరి ఒకసారి పొడుగ్గా వచ్చింది. మళ్లీ రాలేదు.

తంగమ్మ ఆ నుదుటి కట్టు మీద ముద్దు పెట్టుకుంది. దుప్పటి మొహం మీదికి లాగింది. మంచం కోడు పట్టుకుని లేచి, కళ్లు తుడుచుకుంటున్న నర్సు వైపు తిరిగింది.

"పద తల్లీ, శవాల గది ఎటో చూపించు... నా చిన్నస్వామిని నేనింకా చూడనే లేదు."