బాబాయి ఎల్ బోర్డు

మార్చి తొమ్మిది, సోమవారం. పొద్దున్నే పిన్నిని ఎక్కించుకున్న డ్రైవర్ లేని కారు, ఆవిడ ఆఫీసు దాటేసి పారిపోయింది. దాన్ని చూసి అలాంటి కార్లన్నీ పరుగందుకున్నాయి.

"ఇది నా మాట వినట్లేదండీ!" పిన్ని ఫోన్లో ఏడ్చింది.

"నువ్వు విన్నావా? నా బండెక్కమంటే దణ్ణం పెట్టావు," అంటూ బాబాయి తన పాత కారుకు ఎల్ బోర్డు తగిలించి, వాటి ముందుకెళ్లి నత్తలా నడిపాడు. నేర్చుకునేవాళ్లను దాటకూడదన్నది ఆ కార్ల నియమం. అన్నీ బుద్ధిగా వెనకే వచ్చి వాటి షెడ్డులో ఆగాయి.

"భలే ఎత్తు వేశావు బాబాయ్!" అన్నాను.

"ఎత్తా, పాడా?" అంది కారు దిగిన పిన్ని. "మీ బాబాయికి ఇంకా లైసెన్సే రాలేదు."

రేపు పొద్దున్నే టెస్టు. పాసైతే బోర్డు తీసేయాలి. మళ్లీ కార్లు పారిపోతే ఆపే దిక్కుండదు. అందుకే మేయరే స్వయంగా వచ్చి, ఏ స్తంభాన్ని గుద్దాలో చూపించి వెళ్లారు.