ఫసీ భాయ్ గోల్

బాల్ తన్నబోయి ఇసుకలో బోర్లా పడ్డాడు ఫసీయుద్దీన్.

ఎదురుగా గోల్ ఖాళీ. కీపర్ ఎప్పుడో పక్కకి పోయాడు. బాల్ మాత్రం ఉన్నచోటే ఉంది.

చూస్తున్నవాళ్ళంతా నవ్వారు. ఫసీ కూడా నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు పాపం?

ఖతార్‌లోని బిర్కత్ అల్ అవామిర్‌లో శుక్రవారం సాయంత్రమైతే చాలు, కార్మికుల క్యాంపుల వెనక ఖాళీ జాగాలో కంపెనీల మధ్య ఫుట్‌బాల్ ఉండాల్సిందే. స్టోర్‌కీపర్ ఫసీకి యాభై దాటాయి. కంపెనీలో చేరిన నాటి నుంచీ టీములో ఉన్నాడు. వెనక నిలబడి, వచ్చిన బాల్‌ని వచ్చినట్టే బయటికి తన్నడం ఆయన డ్యూటీ. అందుకే ఇన్నేళ్ళ ఆటలో ఒక్క గోల్ కూడా లేదు.

ఇదే ఆఖరి ఆట. ఆదివారం ఫ్లైటెక్కితే మళ్ళీ రాడు. ఇక బోధన్‌లో ఇంటిపట్టునే.

ఆ ఇంట్లో కూతురు జైబా ఉంది. కాలేజీ టీములో ఫుట్‌బాల్ ఆడుతుంది. నోరు అంతకంటే బాగా ఆడుతుంది.

"అబ్బా, ఇన్నేండ్లు ఆడి ఒక్క గోల్ కొట్టకుంటనే వస్తున్నవా? నా ఫ్రెండ్స్‌కు ఏమని చెప్పాలె?" అంది పొద్దున ఫోన్లో.

సరదాకే అంది. ఫసీకి మాత్రం చురుక్కుమంది. తను ఇక్కడుండగానే అక్కడ పెరిగి పెద్దదైపోయిన పిల్ల. దాని ముందు ఒక్కసారైనా గొప్పగా నిలబడాలని ఆయన ఆశ. అందుకే ఇవాళ కెప్టెన్ రాజన్నని బతిమాలి మరీ ముందుకొచ్చాడు.

"లే భాయ్, ఇంకా టైమున్నది" అని రాజన్న చెయ్యి అందించాడు.

గింతాస్ వచ్చి ఫసీ చొక్కా మీది ఇసుక దులిపాడు.

గింతాస్‌ది లిథువేనియా. సైటులో క్రేన్లు తనిఖీ చెయ్యడానికొచ్చిన పొడుగాటి మనిషి. ఆ దేశం ఎక్కడుందో క్యాంపులో ఎవరికీ తెలీదు. "రష్యా దిక్కు ఉంటది" అని రాజన్న తేల్చేశాడు. ఇవాళ టీములో ఒక మనిషి తక్కువైతే పిలిచారు. ఎవరివో పాత బూట్లు తొడుక్కుని వచ్చాడు. కొంచెం కుంటుతాడు. పరిగెత్తడు. బాల్ వస్తే పక్కవాడికిచ్చేసి నిలబడతాడు.

"ఈయనకు ఆట రాదు. పొడుగున్నడని పిలిస్తిమి, ఏం ఫాయిదా?" అన్నాడు రాజన్న తెలుగులో.

ఫసీకి జాలేసింది. తనకొచ్చిన ఇంగ్లీషులో పాఠం మొదలుపెట్టాడు.

"చూడు భాయ్. గోల్ ముందున్నప్పుడు పక్కోనికి ఇయ్యొద్దు. భయపడొద్దు. నువ్వే కొట్టాలె. సమజైందా?"

గింతాస్ బుద్ధిగా విన్నాడు. "ఓకే, కోచ్" అన్నాడు.

"ఎప్పుడన్న గోల్ కొట్టినవా?"

"కొన్ని. మీరు?"

"ఒక్కటి గూడ లేదు. ఇయ్యాల కొట్టకుంటే ఇంక కొట్టేది లేదు. ఇంటికి పోతున్న. నా బిడ్డ అడుగుతది."

గింతాస్ తలూపాడు.

ఆట ముగిసిపోవస్తోంది. రెండు వైపులా గోల్ లేదు. ఫసీ కాళ్ళు పీకుతున్నాయి, ఆశ కూడా చచ్చింది.

అప్పుడు రాజన్న వెనక నుంచి ఎత్తి కొట్టిన బాల్ గింతాస్ ఛాతీ మీద పడి, చెప్పినట్టు విని కిందికి దిగింది. అడ్డమొచ్చినవాణ్ణి ఒకణ్ణి దాటాడు. కీపర్ ముందుకురికితే అతన్నీ దాటాడు. ఎదురుగా గోల్.

"కొట్టు" అన్నారందరూ.

గింతాస్ కాలు లేచింది. అలాగే ఆగింది. తల తిప్పి చూసి, నిద్రపోయిన పిల్లని పక్క మీద దించినంత మెల్లగా, బాల్‌ని ఫసీ పాదం ముందుకు జరిపాడు.

ఫసీ కళ్ళు మూసుకుని తన్నాడు.

కళ్ళు తెరిచేసరికి జనం భుజాల మీద ఉన్నాడు. ఏడుపొచ్చింది. ఆపుకోలేదు కూడా.

దింపాక రాజన్న గింతాస్ మీద పడ్డాడు.

"గోల్ ముంగట పెట్టుకొని పక్కకిస్తరా ఎవరన్న? ఫసీ భాయ్ కొట్టిండు కాబట్టి బతికినం."

"పోనీ రాజన్నా, కొత్తోడు. నేర్చుకుంటడు" అన్నాడు ఫసీ. గింతాస్ భుజం తట్టాడు. "ఈసారి నువ్వే కొట్టు, సరేనా?"

"సరే, కోచ్" అని నవ్వాడు గింతాస్.

పని అయిపోయిందట, మర్నాడే వాళ్ళ దేశం వెళ్ళిపోయాడు.

ఎవరో తీసిన వీడియోని ఫసీ కూతురికి పంపాడు. 'మా అబ్బా గోల్' అని అది గొప్పగా నెట్లో పెట్టింది.

ఆదివారం మధ్యాహ్నం ఎయిర్‌పోర్టులో కూర్చుని ఉంటే జైబా ఫోను.

"అబ్బా, నీకు బాల్ ఇచ్చిన ఆ పొడుగాయన ఎవరు?"

"గింతాస్ అని, క్రేన్లు చూస్తడు. మస్తు మంచోడు. ఆటే రాదు పాపం."



"అబ్బా, ఆయన వాళ్ళ దేశం టీముల స్ట్రైకర్ అట. లెక్కలేనన్ని గోల్స్ కొట్టిండట. మోకాలు పోయి ఆట బంద్ చేసిండట. నీ వీడియో ఇప్పుడు ఆ దేశమంత చూస్తున్నది."

కనీసం ఒక్క మాట చెబుదామంటే, ఫసీ ఫోన్లో గింతాస్ నంబరు కూడా లేదు.

"వాళ్ళ భాషల వందలమంది రాసిన్రు. ఫోన్ల తెలుగుల పెట్టి చూసిన. అందరు ఒక్కటే అడుగుతున్నరు."

"ఏమని బిడ్డా?"

జైబా చదివింది.

"ఒకే టీములో ఆడిన సొంత తమ్ముడికి కూడా గోల్ ముందు ఒక్కనాడు బాల్ ఇవ్వలేదు మన గింతాస్, అలాంటివాడి చేత ఇప్పించుకున్న ఈ పెద్దమనిషి ఎవరు?"